ఉప్పు నీళ్లకు నిమ్మ ఆకులు మాడుతున్నాయి, హార్మోన్ స్ప్రే కొడితే తగ్గుతుందా?

చిగురు88:
నాలుగేళ్ల నిమ్మ చెట్లు. ఎండాకాలం వస్తే బోరు నీళ్లు బాగా ఉప్పెక్కుతాయి. ముదురాకుల కొనలు ముందు పసుపెక్కి, తర్వాత కాగితంలా ఎండి, ఆ మాడు అంచుల వెంబడి వెనక్కి పాకుతోంది, లేతాకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పోయిన నెల పది రోజులు నీళ్లు పెట్టడం కుదరలేదు, ఆ తర్వాత ఒకేసారి నిండా పెడితే రెండు రోజుల్లో ఆకులు జలజలా రాలిపోయాయి. ఒకరు సాలిసిలిక్ ఆమ్లం కొట్టమంటున్నారు, ఇంకొకరు ఆబ్సిసిక్ ఆమ్లం అంటున్నారు, రెండూ మొక్కల హార్మోన్లేనట. ఇవి ఉప్పును విరిచేస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

వేరుచూపు:
విరిచేయవండీ, ఏ హార్మోనూ నేలలో ఉప్పును తగ్గించదు. అవి చెట్టు లోపల కబురు మోసేవి. నేలలో ఉప్పు పెరిగితే వేరుకు నీళ్లు లాగడం కష్టమవుతుంది, అప్పుడు చెట్టులో ఆబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకు అడుగున ఉండే సన్నని రంధ్రాలను మూయిస్తుంది. ఆవిరయ్యే నీళ్లు తగ్గితే వేరు లాగే నీళ్లు తగ్గుతాయి, వాటితో పాటు పైకెక్కే ఉప్పూ తగ్గుతుంది. అయితే రంధ్రాలు మూసుకుంటే గాలి కూడా లోపలికి రాదు కాబట్టి ఆహారం తయారీ పడిపోయి చెట్టు ఎదుగుదల ఆగుతుంది. బతకడం కోసం అది కట్టే ఖరీదు ఇది. ముదురాకులే ముందు మాడేది ఎందుకంటే ఎక్కువ రోజులు నీళ్లు ఆవిరి చేసినవి అవే, ఉప్పు వాటిలోనే పేరుకుంటుంది.

పాదుమట్టి:
ఆకులు రాలడం వెనక ఉన్నది ఎథిలీన్, అది వాయు రూపంలో ఉండే మొక్కల హార్మోన్. నారింజ జాతి మొక్కల్ని ఎండబెట్టి చూసిన పరీక్షల్లో, ఎథిలీన్‌కు ముడిసరుకైన ఏసీసీ వేళ్లలో పేరుకుంది, నీళ్లు పెట్టగానే అది ఆకుల్లోకెక్కి ఎథిలీన్‌గా మారి ఆకుల్ని రాల్చింది. మీ తోటలో జరిగింది అచ్చం ఇలాగే ఉంది. ఉప్పులో సోడియంతో పాటు ఉండే క్లోరైడ్ ఆకుల్లో పేరుకున్నా ఎథిలీన్ పెరుగుతుంది. అందుకే దయచేసి ఎండగట్టి ఒకేసారి ముంచెత్తకండి, తడి ఆరకుండా చూసుకోండి.

చిగురు88:
ఇన్నాళ్లూ నీళ్లు ఎక్కువై రాలాయనుకున్నాను. మరి సాలిసిలిక్ మానేయమంటారా?

వేరుచూపు:
మానక్కర్లేదు. ఉప్పు వల్ల కణాల్లో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను అణిచే ఎంజైములను అది చురుకు చేస్తుంది, బ్రాసినోస్టెరాయిడ్లు అనే మరో రకం మొక్కల హార్మోన్లూ ఇలాంటి పనే చేస్తాయి. ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 0.5 నుంచి 1 మిల్లీమోలార్, అంటే లీటరుకు సుమారు 70 నుంచి 140 మిల్లీగ్రాములు. మోతాదు పెంచితే ఆకులు కాలతాయి. ముందు రెండు చెట్లకే కొట్టి, వారం రోజులు చూసి, మిగతా వాటికి కొట్టండి.

అంటుకత్తి:
నేను స్ప్రే కంటే ముందు వేరు మూలం, అంటే అంటు కట్టిన అడుగు మొక్క, ఏదని అడుగుతాను. క్లియోపాత్రా మాండరిన్ మీద కట్టిన అంటు క్లోరైడ్‌ను చాలావరకు వేరు దగ్గరే ఆపుతుంది, కారిజో అనే వేరు మూలం ఆపలేదు. మట్టి పరీక్ష చేయించండి. ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పు నేల అంటారు గానీ నిమ్మజాతికి 2 దగ్గరే దెబ్బ మొదలవుతుంది. జిప్సం సోడియం ఎక్కువున్న చౌడుకే పనికొస్తుంది, క్లోరైడ్‌ను అది ఏమీ చేయలేదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తుంటే ఈరోజే ఆపేయండి, అది పొటాషియం క్లోరైడే, బదులుగా సల్ఫేట్ రూపంలో ఉన్న పొటాష్ వేయండి. వానలు పడ్డప్పుడు పాదుల్లో నీళ్లు కిందికి ఇంకేలా మురుగు దారి తీసి ఉంచండి, పేరుకున్న ఉప్పు దిగేది అలాగే.

చిగురు88:
మ్యూరేట్ వేసి మూడు వారాలే అయింది. రేపే మట్టి తీయిస్తాను, ఫలితం రాగానే ఇక్కడే పెడతాను.