హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఎందుకు నిలవలేదు? రహీం మరణమే కారణమా?

మల్లేపల్లి మైదానం (చర్చకు పెట్టినవారు)

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ తర్వాత 1957, 1960, 1962, 1963లలోనూ ఆ కప్పు మన ఊరికే వచ్చింది. 1962లో మాత్రం కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌తో పంచుకోవలసి వచ్చింది. 1940 తర్వాత ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైనప్పుడు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించినదీ ఈ జట్టే. 1954, 1957, 1961లలో కూడా డ్యూరాండ్ మనదే. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అని దేశమంతా అనుకునే రోజుల్లో ఒక పోలీసు శాఖ జట్టు పదమూడేళ్లపాటు ఆ నగరపు పెద్ద క్లబ్బులతో సమానంగా నిలిచింది. 1963 తర్వాత ఈ రెండు కప్పుల విజేతల పట్టికలో దాని పేరు మళ్లీ కనిపించదు.

ఈ పతనానికి అందరూ చెప్పే కారణం ఒక్కటే: జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం 1963 జూన్ 11న కేన్సర్‌తో మరణించారు, ఆయనతోనే జట్టూ పోయింది అని. రహీం సాహెబ్ పట్ల నాకున్న గౌరవం ఎవరికీ తీసిపోదు కానీ, ఈ వివరణతో నేను ఏకీభవించలేను. నా అభిప్రాయంలో అసలు లోపం మొదటి నుంచీ ఆ జట్టు నిర్మాణంలోనే ఉంది. అది పోలీసు శాఖ జట్టు. ఊరు దానిని తనదిగా అభిమానించింది గాని, దానిపై ఊరికి ఏ హక్కూ లేదు. దానికి చందా కట్టే సభ్యులు లేరు, సభ్యులు ఎన్నుకునే కార్యవర్గం లేదు. ఆటను ప్రేమించే అధికారి పైన ఉన్నంత కాలం నియామకాలు జరిగాయి, డ్యూటీ నుంచి సడలింపులు దొరికాయి. ఆయన బదిలీ అయితే అడిగే నాథుడు లేడు. దీనిపై మీ వాదనలు తెలుసుకోవాలని ఉంది.

బొల్లారం వాసి

మల్లేపల్లి గారూ, రహీం గారిని మీరు ఒక జట్టు శిక్షకుడిగా మాత్రమే లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. సిటీ పోలీస్ జట్టు బాధ్యత ఆయన చేతిలో ఉండగానే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవీ ఆయనదే. 1950 నుంచి భారత జట్టు శిక్షకుడూ ఆయనే. ఊళ్లో లీగు ఎలా జరగాలో, కుర్రవాళ్లకు ఏం నేర్పాలో, వాళ్లలో ఎవరు పోలీస్ జట్టుకు ఆడాలో, ఎవరు దేశానికి ఆడాలో, ఇదంతా ఒకే మనిషి చూపు కింద సాగింది.

ఆ చూపు ఎంత నిశితమైనదో చెప్పడానికి రెండు సంగతులు చాలు. బంతిని కాలి దగ్గర పెట్టుకుని డ్రిబుల్ చేయడం నిషిద్ధమైన పోటీలను ఆయన ఇక్కడ నడిపించారు. అందిన బంతిని వెంటనే తోటివాడికి అందించక తప్పని ఆ పోటీలలో ఆడిన కుర్రవాడికి ఒక్క స్పర్శతో పాస్ ఇవ్వడం అలవాటైపోయేది. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు ఇంకొన్ని. కుడికాలి వాటం కుర్రవాడు ఎడమకాలితో షాట్ కొట్టడానికి తడబడి, పడి, మళ్లీ లేచి నేర్చుకునే అవకాశం దేశంలో మరెక్కడుంది? రెండో సంగతి తులసీదాస్ బలరాంది. అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరాం సికింద్రాబాద్ నుంచి రోజూ ప్రాక్టీసుకు రావడానికి డబ్బులు లేవని చెప్పినప్పుడు, అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీం గారే ఇచ్చారు. ఆ కుర్రవాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆడాడు.

సభ్యత్వ చందాలూ కార్యవర్గమూ ఉన్నంత మాత్రాన ఇలాంటి పని జరుగుతుందా? మనిషి పోయాడు, పని ఆగింది. ఇంతకు మించిన కారణం వెతకనవసరం లేదు.

కృష్ణాతీరం

రాష్ట్రావతరణ సంగతిని ఇద్దరూ వదిలేశారు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ 1957-58లోనూ గెలిచినది హైదరాబాద్ పేరుతో ఆడిన జట్టు. ఆ తర్వాత అది ఆంధ్రప్రదేశ్ అయింది, సిటీ పోలీస్ కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. ఊరి పేరు తీసేసిన జట్టుపై ఊరికి మునుపటి మమకారం ఉంటుందా? మాది గుంటూరు జిల్లా. మా వైపు ఆ జట్టును మా జట్టుగా భావించినవారు నాకు ఎవరూ తారసపడలేదు. పేరు రాష్ట్రమంతటిదీ అయింది గాని మనుషులు రాష్ట్రమంతటా చేరలేదు.

మల్లేపల్లి మైదానం

కృష్ణాతీరం గారి వాదనకు మొదట జవాబిస్తాను, ఎందుకంటే దానిని తేదీలే తేల్చగలవు. పేరు మారిన తర్వాతనే ఆ జట్టు 1960, 1962, 1963 రోవర్స్‌నూ, 1961 డ్యూరాండ్‌నూ గెలిచింది. కాబట్టి పేరు మార్పు వల్ల జట్టు బలహీనపడిందనడానికి ఆధారం లేదు. అయితే మీ చివరి వాక్యంతో నాకు పేచీ లేదు.

బొల్లారం గారూ, రహీంతోనే పని ఆగిందన్నారు. 1965-66లో, అంటే ఆయన పోయిన రెండేళ్లకు, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు మన సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులోనే మన మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన టైటిల్ పంచుకున్న జట్టుకు నాయకుడు మన షబ్బీర్ అలీ. 1977లో పెలే వచ్చినప్పుడు, ఆయన ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టును కలకత్తాలో మోహన్ బగాన్ 2-2తో నిలువరించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఈ ఊరి కుర్రవాడు పెలే జట్టుపై గోల్ కొట్టాడు, కొట్టింది కలకత్తా జెర్సీలో. ఈ ఒక్క విషయం మీద కొంచెంసేపు ఆలోచించండి. రహీం పోయిన పద్నాలుగేళ్ల తర్వాత కూడా ఆటగాళ్లకు ఇక్కడ కొరత రాలేదు. వాళ్లను నిలుపుకొనే ఇల్లే లేకపోయింది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, హబీబ్ 1966లో అక్కడికే వెళ్లాడు. రహీం బతికి ఉన్న రోజుల్లోనే వలస మొదలైందంటే ఆయన మరణాన్ని దానికి కారణంగా ఎలా చూపగలం?

బొల్లారం వాసి

మీరు చెప్పిన పేర్లనే తీసుకుందాం. హబీబ్ 1949లో పుట్టాడు. రహీం పోయేనాటికి పదమూడేళ్లవాడు. అంటే అతను బంతి పట్టుకున్నది రహీం నడిపిన వాతావరణంలోనే. నయీముద్దీన్ అంతకంటే పెద్దవాడు. షబ్బీర్ అలీ నాటికి ఆయన శిష్యులు ఇంకా మైదానాల్లో ఉన్నారు. చెరువుకు నీరు వచ్చే కాలువ తెగిపోయినా నిలిచి ఉన్న నీటితో ఒకటి రెండు పంటలు పండుతాయి. 1980లు దాటాక ఎందరి పేర్లు చెప్పగలరు? రహీం పోటీలు ఆగిపోయాయి, సంఘంలో పదవుల కోసం పంతాలు పెరిగాయి, లీగుకు ఆయన పేరు పెట్టుకుని ఆయన పద్ధతిని వదిలేశారు. పోలీస్ జట్టుకు చందాదారులు ఉండి ఉన్నా ఈ ఎండుదలను ఆపేవారా? నా ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పండి.

త్రిశూర్‌లో తెలుగువాడు

ఇక్కడ నేను ఉద్యోగం చేస్తున్న ఊరి అనుభవం ఈ చర్చకు పనికివస్తుందని రాస్తున్నాను. 1980ల చివర్లో కేరళ పోలీస్ జట్టు సరిగ్గా మన జట్టులాగే ఎదిగింది; ఐ.ఎం. విజయన్, వి.పి. సత్యన్ వంటివారు యూనిఫారం వేసుకుని ఆడారు. 1990, 1991లలో దేశంలోని క్లబ్బుల పోటీ అయిన ఫెడరేషన్ కప్పు గెలిచారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ మోహన్ బగాన్‌కు వెళ్లారు. జట్టు మళ్లీ ఆ స్థాయికి చేరలేదు. అక్కడ రహీం లేడు, రహీం మరణమూ లేదు. అయినా కథ అదే. ఆట మానేసిన తర్వాత కూడా నెల జీతమూ పింఛనూ ఇస్తుంది గనుక పేదింటి కుర్రవాడు శాఖ జట్టులో చేరతాడు. మంచి వయసులో ఉన్నప్పుడు పెద్ద క్లబ్బు పిలిస్తే ఆ భద్రత ఒక్కటే అతన్ని ఆపలేదు. కంపెనీ జట్లకూ ఇదే గతి పట్టింది: మహీంద్రా యునైటెడ్ 2010లో, తొలి జాతీయ లీగు విజేత జేసీటీ 2011లో మూతపడ్డాయి. యాజమాన్యం ఒక్క నిర్ణయం తీసుకుంటే చాలు, అభిమానులకు అడిగే హక్కు ఉండదు. ఈ విషయంలో నేను మల్లేపల్లి గారి పక్షం.

లాలాగూడ క్వార్టర్స్

మరి హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతేమిటి? అది శాఖ జట్టు కాదు. 2019లో వచ్చింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, మరుసటి ఏడాది లీగులో రెండో స్థానంలో నిలిచింది. ఆపైన జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో పట్టికలో అట్టడుగుకు చేరింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పోలీస్ జట్టు పెరిగి తరగడానికి రెండు దశాబ్దాలకు పైగా పడితే, దీనికి ఆరేళ్లు చాలాయి. గచ్చిబౌలిలో ఆ జట్టు కోసం గొంతు చించుకున్న కుర్రవాళ్లను నేను చూశాను. వాళ్లకు ఇప్పుడు ఎవరు సమాధానం చెబుతారు? నా దృష్టిలో శాఖ, పెట్టుబడిదారు అన్న తేడా కంటే ముఖ్యమైనది మైదానం. బార్కాస్ కుర్రవాళ్లు ఈనాటికీ ఫుట్‌బాల్ ఆడుతున్నారంటే అక్కడ ఆడుకోవడానికి చోటు మిగిలి ఉంది గనుకే. ఊరిలో మిగతాచోట్ల ఖాళీ జాగాలు ఏమయ్యాయో అందరికీ తెలుసు.

మల్లేపల్లి మైదానం

లాలాగూడ గారూ, మీ ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తుంది. పోలీస్ జట్టు పైఅధికారిది, హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టుబడి పెట్టినవారిది. రెండిటిలోనూ ఊరి పాత్ర గ్యాలరీలో కూర్చోవడం వరకే. మైదానాల గురించి మీరన్నది అక్షరాలా నిజం. అయితే ఆ జాగాలు పోతున్నప్పుడు అడ్డుకోవడానికి లెక్కల్లో ఉన్న ఒక క్లబ్బు, దాని పేర ఒక లీజు కాగితం, దాని వెనుక కొన్ని వందల మంది సభ్యులు ఉండి ఉంటే కొన్నయినా మిగిలేవని నా నమ్మకం.

ఇక బొల్లారం గారి సూటి ప్రశ్న. రహీం చేసినటువంటి పని సభ్యుల క్లబ్బు చేయగలదని నేను హామీ ఇవ్వలేను. అలాంటి ఉపాధ్యాయుడు కావాలంటే దొరకడు. ఒకటి రెండు పంటలకు నీళ్లు మిగిలాయన్న మీ మాటనూ ఒప్పుకుంటాను. కానీ మన కుర్రవాళ్లను తీసుకుపోయినవారెవరో చూడండి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, మహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో. బలరాం, హబీబ్, నయీముద్దీన్ వెళ్లింది పెద్ద కంపెనీల జట్లకు కాదు, సభ్యత్వ కార్డులూ టికెట్ల రాబడీ పునాదిగా ఎదిగిన ఈ క్లబ్బులకే. వాటిలోనూ కలహాలు వచ్చాయి, అప్పులు వచ్చాయి, శిక్షకులు మారారు, మరణించారు. ఒక శిక్షకుడు పోయినప్పుడు ఇంకొకరిని తెమ్మని అక్కడి కార్యవర్గాన్ని నిలదీసే సభ్యులు మైదానం బయట గుమిగూడేవారు. 1963 జూన్‌లో హైదరాబాద్‌లో అలా వెళ్లి అడగడానికి ఒక తలుపంటూ ఎవరికైనా ఉందా? రహీం పద్ధతిలో ఆ పోటీలను కొనసాగించమని పోలీసు శాఖను ఎవరు అడగగలరు? అది శాఖ పని కాదు కదా. సంఘాన్ని అడగగలిగినవారు చిన్న చిన్న లీగు క్లబ్బులవారే. వారి గొంతు ఎంతటిది?

శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోనూ 2023-24లోనూ ఐఎస్ఎల్ కింది స్థాయి జాతీయ లీగు అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం పొందింది, అజీజ్‌నగర్‌లో దానికి సొంత మైదానం ఉంది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ మన ఊళ్లోనే జరిగి బెంగాల్ గెలిచింది. అంటే ఆటకు కావలసిన ఏర్పాట్లు మళ్లీ వస్తున్నాయి. ఆ జట్టైనా, రేపు వచ్చే మరో జట్టైనా అభిమానులకు సభ్యత్వం ఇచ్చి, కార్యవర్గంలో రెండు మూడు స్థానాలు వారికి కేటాయించాలని మనం ఇప్పుడే రాతపూర్వకంగా కోరాలని నా ప్రతిపాదన. బొల్లారం గారూ, బలహీనమైన కాలి పోటీల నియమాలు మీకు నా కంటే బాగా తెలుసు. ఆ విన్నపంలో బాలుర పోటీల భాగం మీరే రాస్తే బాగుంటుంది.