వేడినీటి బేస్‌బోర్డ్ హీటర్: గోడ పొడవునా పెట్టాలా? టిక్కుటిక్కు చప్పుడు రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మా ఇంట్లో బాయిలర్ కాచిన నీళ్లు పైపుల్లో తిరుగుతూ, గోడ అడుగున పొడవుగా ఉండే బేస్‌బోర్డ్ హీటర్లతో గదుల్ని వేడెక్కిస్తాయి. ఆ బాయిలర్ లైనుకే ఇంకో గది కలుపుతున్నాం. బయటి గోడ 16 అడుగులు. ఆ పొడవంతా హీటర్ పెట్టాలా? పక్క గదిలోది వేడెక్కినప్పుడల్లా టిక్కుటిక్కుమంటూ నిద్ర పాడుచేస్తోంది. కొత్తదానికి ఆ బాధ ఉండకూడదు. అనుభవమున్నవాళ్లు చెప్పరూ.

జవాబు 1:
గోడ పొడవు చూసి హీటర్ కొనకండి. ఆ గదికి గంటకు ఎంత వేడి కావాలో ముందు లెక్క తీయించండి. కిటికీలు, బయటి గోడలు, పైకప్పు, ఇన్సులేషన్ అన్నీ అందులోకి వస్తాయి. ముప్పావు అంగుళం రాగి పైపుకి అల్యూమినియం రెక్కలుండే మామూలు రకం, నీళ్లు 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంటే అడుగుకు గంటకు 550–600 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) ఇస్తుంది. గదికి 6,000 కావాలనుకోండి, 10–11 అడుగుల పొడవున రెక్కలున్న పైపు చాలు. మిగతా గోడకు ఖాళీ కవరు, లోపల ఉత్త పైపు. అదే నీళ్లు 140 దగ్గరే ఉంటే వచ్చే వేడి సగానికి కాస్త పైన అంతే, 16 అడుగులూ పెట్టినా చాలకపోవచ్చు. కాబట్టి మీ బాయిలర్ ఎంత వేడిమీద నడుస్తోందో చూశాకే పొడవు తేల్చుకోండి. రెక్కలున్న భాగం కిటికీ కిందికి వచ్చేలా చూడండి. కవరు అడుగున గాలి దూరే సందును కార్పెట్ మూసేయకూడదు.

ఇక చప్పుడు. వేడికి రాగి సాగుతుంది. 20 అడుగుల పైపు 70 నుంచి 180 డిగ్రీలకు వెళ్తే పావు అంగుళం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు లేక చెక్కనో రేకునో రాసుకుంటూ, పట్టు వదిలినప్పుడల్లా టిక్కుమంటుంది. ముప్పావు పైపు అంటాం గానీ బయటి కొలత 7/8 అంగుళం. నేలలో రంధ్రం 1 1/8 అంగుళానికి తగ్గకుండా వేయించండి, పైపు రంధ్రం మధ్యలో నిలబడాలి. రెక్కల కింద బ్రాకెట్ మీద జారే ప్లాస్టిక్ ముక్కలుంటాయి, బిగించే తొందరలో చాలామంది వాటిని వదిలేస్తారు. దయచేసి మీరు దగ్గరుండి చూసుకోండి. పాత గదిలో కూడా కవరు తీసి చూడండి, అవి ఊడిపోయి ఉంటే రోగం అదే కావచ్చు.

జవాబు 2:
పైన చెప్పినవన్నీ నిజం. ఒకటి కలుపుతాను. ఒకే పైపు గదిగదికీ తిరిగి వచ్చే లైనైతే చివరి గదికి చల్లారిన నీళ్లే అందుతాయి. ముప్పావు లైన్లో మొత్తం రెక్కల పొడవు 65 అడుగులు దాటుతుంటే కొత్త గదికి విడి లూప్ (బాయిలర్ నుంచి వెళ్లి తిరిగొచ్చే వేరే లైను) వేయించడం మేలు. పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) పైపు వాడితే ఆక్సిజన్ బ్యారియర్, అంటే ఆక్సిజన్‌ను అడ్డుకునే పొర, ఉన్నదే కొనండి. లేకపోతే ఆక్సిజన్ లోపలికి చేరి బాయిలర్‌లోని ఇనుము తుప్పు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ! టంకం నేనే వేసుకోవచ్చా?

జవాబు 1:
చేయి తిరిగినవారైతే వేసుకోవచ్చు. బాయిలర్ ఆపి, చల్లారాక లైన్ ఖాళీ చేయండి. పైపులో చుక్క నీరు కారుతున్నా అది ఆవిరవుతూ టంకం పట్టనివ్వదు. రాగిని ఎమెరీ గుడ్డతో మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ (టంకం బాగా పట్టేలా చేసే పేస్టు) పూసి, మంట పైపుకి కాదు, ఫిట్టింగ్‌కి చూపించండి. వెనక చెక్క ఉంటే మంట తగలని పలక అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంచుకోండి. రెక్కలు చేతులు కోస్తాయి, గ్లౌజులు తప్పనిసరి. బాయిలర్ దగ్గర కనెక్షన్ మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్లకే వదిలేయండి.

నీళ్లు నింపాక గాలి తీయడం మరవకండి. హీటర్ చివరి బ్లీడర్ స్క్రూ కొంచెం వదులు చేస్తే ముందు బుస్సుమని గాలి, తర్వాత చిమ్ముతూ నీళ్లు వస్తాయి. ధార తెగకుండా వచ్చాక బిగించండి. మామూలు ఇళ్లలో చల్లగా ఉన్నప్పుడు లైన్‌లో నీటి ప్రెషర్ 12–15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి. వేడెక్కించి, ప్రతి అతుకూ పొడి కాగితంతో తుడిచి తడి లేదని చూశాకే కవర్లు బిగించండి.