జిల్కర్ పార్కుకి పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

అడిగినవారు (సీడర్ పార్క్):

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఆస్టిన్ వైపు వచ్చి రెండు నెలలే అయింది. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు. ఈ శనివారం జిల్కర్ పార్కు చూపిద్దామనుకుంటున్నాం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి మూడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పావుగంట నడిస్తే కూర్చోవాలి. నాన్న రోజూ గోదావరి గట్టు మీద నడిచే మనిషి. నది ఉందనగానే బూట్లు తుడుచుకుని రెడీగా ఉన్నారు.

అక్కడి బార్టన్ స్ప్రింగ్స్ పూల్‌లో పిల్లల్ని దింపొచ్చా? పులిహోర పట్టుకెళ్తే తినడానికి చోటు ఉంటుందా? సాయంత్రం వంతెన కింద నుంచి ఎగిరే గబ్బిలాలు కూడా అదే రోజు చూసేయొచ్చా? పార్కులో పిల్లల రైలు ఉందని ఎవరో చెప్పారు, పాప అప్పుడే తమ్ముడికి చెప్పేసింది.

జవాబు (దక్షిణ ఆస్టిన్, పన్నెండేళ్లుగా):

చెల్లీ, ముందు ఆ శనివారం లిస్టు సగానికి తగ్గించు. జిల్కర్ దాదాపు 350 ఎకరాలు. మన ఊళ్లో మున్సిపల్ పార్కులా ఒక గేటులో దూరి, ఒక చుట్టు చుట్టి ఇంకో గేటులోంచి వచ్చేసేది కాదు. పైగా ఆగస్టు. మధ్యాహ్నానికి ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. పొద్దున్నే పార్కు, పన్నెండు కొట్టేసరికి ఇల్లు. గబ్బిలాలకి ఇంకో సాయంత్రం పెట్టుకోండి.

రైలు సంగతి: పాత జిల్కర్ జెఫిర్ 2019లోనే ఆగిపోయింది. ఇప్పుడేం నడుస్తోందో సిటీ సైట్‌లో చూసుకున్నాకే బాబుకి మాటివ్వండి. లేకపోతే అక్కడ నేల మీద పడి దొర్లుతాడు, మీరు ఎత్తుకుని నిలబడాలి.

ఎనిమిదికల్లా ప్లేగ్రౌండ్‌లో ఉండండి. అది పూల్ దగ్గరలోనే. ఎండెక్కాక జారుడుబల్ల చేత్తో ముట్టుకుని చూసి ఎక్కించండి.

ఇక బార్టన్ స్ప్రింగ్స్. పూల్ అంటే టైల్స్ వేసిన నీలం తొట్టి అనుకునేరు. భూమిలోంచి ఉబికే ఊటనీళ్లు, మూడెకరాల మడుగు. ఏడాది పొడుగునా నీళ్లు 20, 21 డిగ్రీలే. ఒంటి మీద ఎండ మండిపోతుంటే ఆ నీళ్లలో కాలు పెట్టగానే ప్రాణం జివ్వుమంటుంది. నాన్నగారు గోదావరి ఈతగాడే కావచ్చు, అయినా ముందు గట్టున కూర్చుని కాళ్లు తడుపుకుని, మెల్లగా దిగమనండి. అడుగున నాచు ఉంటుంది, అమ్మగారిని దింపొద్దు. ఒకవైపు లోతు తక్కువ, ఇంకోవైపు 18 అడుగుల దాకా ఉంటుంది. బాబు మీ చెయ్యి వదలకూడదు. లైఫ్‌గార్డ్ ఉన్నాడు కదా అని ఫోన్ తీయకండి.

క్లోరిన్ వేయరు. అక్కడి ఊటల్లోనే బతికే చిన్న సాలమాండర్ ఒకటుంది, చూడ్డానికి తోకున్న కప్పపిల్లలా ఉంటుంది. 1997 నుంచి అది అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది. మందు వేయకుండా కడగాలి కాబట్టి గురువారం పగలంతా పూల్ మూసేస్తారు. ఆస్టిన్ వాళ్లకి టికెట్ తక్కువ. మీది సీడర్ పార్క్ అడ్రసు, అది వేరే ఊరు, ఆ రేటు రాదు.

పులిహోర పూల్ గేటు లోపలికి రానివ్వరు, కూలర్లూ అంతే. బయట చెట్ల కింద దుప్పటి పరుచుకుని హాయిగా తినండి. కాకపోతే పొడుగు తోకల నల్లపిట్టలు తిరుగుతుంటాయి, గ్రాకిల్స్ అంటారు. డబ్బా మూత తీసి పక్కకి తిరిగారో, మన కాకుల కంటే రెండాకులు ఎక్కువే చదివాయవి.

జవాబు (రౌండ్ రాక్):

పార్కింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఈ సీజన్‌లో శని, ఆదివారాలు పూల్ వైపు లాట్లకి డబ్బు కట్టాలి. తొమ్మిది దాటితే డబ్బు కడతానన్నా ఖాళీ దొరకదు. అమ్మగారినీ పిల్లల్నీ ముందు దింపేసి, ఒకరు కారు పెట్టుకుని రావడం నయం. సీటు మీద బ్యాగు కనబడేలా వదలకండి.

జవాబు (లీయాండర్):

పెద్దవాళ్లుంటే జిల్కర్ బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళ్లండి మేడం, పార్కులోనే, టికెట్ వేరే. తనిగుచి జపనీస్ గార్డెన్ లోపలే ఉంది. ఇసాము తనిగుచి అనే జపాన్ రైతు డెబ్బయ్యేళ్ల వయసులో జీతం లేకుండా కట్టిచ్చారు, 1969లో తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దేశమే ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. మా మామగారు ఆ కథ విని అక్కడి బెంచీ మీంచి లేవలేదు. పిల్లలకి డైనోసార్ తోట ఉంది.

జవాబు (దక్షిణ ఆస్టిన్):

తోట బాగుంటుంది, కాదనను. కానీ అది గుట్ట వాలులో ఉంది. మెట్లు, ఎగుడుదిగుళ్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి దిగడమే కష్టం. అమ్మగారికి నది పక్కన నడకదారి, ట్రైల్ అంటారు, అది మేలు. చదునుగా, నలగ్గొట్టిన గ్రానైట్ పొడి పరిచి ఉంటుంది. బార్టన్ క్రీక్ వచ్చి కలిసే చోట లూ నెఫ్ పాయింట్ అని ఉంది. మండపంలాంటిది కట్టారు, ఎదురుగా నీళ్లు, ఆవల డౌన్‌టౌన్ మేడలు. అక్కడ కూర్చోబెట్టండి. సైకిళ్లు వెనకనుంచి వస్తుంటాయి, పిల్లల్ని కుడి పక్కనే నడిపించండి.

నాన్నగారికైతే మోపాక్ హైవే కింద కాలినడక వంతెన దాటి, అవతలి గట్టున వెళ్లి, ఫ్లూగర్ వంతెన మీదుగా తిరిగొచ్చే చుట్టు చెప్పండి. మూడు మైళ్లు ఉంటుంది. మొత్తం ట్రైల్ పది మైళ్లు, ఆ మాట మాత్రం ఆయనకి చెప్పకండి.

అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నా, ఆ పది మైళ్ల ముక్క దాచేశాను. ఇంకో సందేహం, ఇది నాన్నది: మ్యాపులో కొలరాడో నది అని ఉంది, గ్రాండ్ కాన్యన్ నది ఇదేనా? నదైతే లేడీ బర్డ్ లేక్ అంటారేంటి? అందులో దిగొచ్చా?

జవాబు (రౌండ్ రాక్):

పేరొకటే, నదులు వేరు. ఇది టెక్సాస్‌లోనే పుట్టి మాటగోర్డా బే దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టాక నీళ్లు నిలిచి లేక్ అయింది, మన కృష్ణ ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచినట్టు. ముందు టౌన్ లేక్ అనేవాళ్లు. అధ్యక్షుడు జాన్సన్ భార్య లేడీ బర్డ్ 2007లో పోయాక ఆవిడ పేరు పెట్టారు. ఈత నిషేధం. కాయక్ అద్దెకిస్తారు, లైఫ్ జాకెట్ తప్పనిసరిగా వేసుకోండి.

గబ్బిలాలకి కాంగ్రెస్ అవెన్యూ వంతెన దగ్గరికి వెళ్లాలి. 1980లో వంతెన బాగుచేసినప్పుడు కింద సన్నటి సందులు మిగిలాయి, వాటిలో కాపురం పెట్టాయి. వేసవిలో పదిహేను లక్షల దాకా ఉంటాయంటారు. జూన్‌లో పుట్టిన పిల్లలు కూడా ఎగిరేది ఆగస్టులోనే, మంచి టైంలో అడిగారు. పొద్దు గుంకే ముందే వెళ్లి వంతెన తూర్పు వైపు కాలిబాట మీద నిలబడండి. కింద నిలబడేవాళ్లు టోపీ పెట్టుకోవాలి, ఎందుకో ఊహించుకోండి.

అడిగినవారు (ఆదివారం రాత్రి):

వెళ్లొచ్చాం. ఏడూ నలభైకి చేరాం, లాట్ సగం ఖాళీ. నాన్న గట్టున కూర్చుని కాళ్లు పెట్టి, "ఇదేం చలే తల్లీ" అని రెండుసార్లు తీసేశారు. పాప దూకేసి నవ్వుతుంటే పౌరుషం వచ్చి దిగారు, ఆ తర్వాత ఆయన్ని పైకి రప్పించడమే కష్టమైంది. బాబు రైలు ఊసే ఎత్తలేదు, ఇసకలోంచి లేస్తేగా.

అమ్మని మాత్రం మండపం దాకా తీసుకెళ్లలేకపోయాం. మైదానం పక్కన లైటు స్తంభం మీద పుల్లలతో పెద్ద గూడు, దాంట్లోంచి పచ్చటి చిలకలు వస్తూ పోతూ ఉన్నాయి. "ఇక్కడా రామచిలకలున్నాయే" అని అక్కడే దుప్పటి వేయించుకుంది. ఇంటికొచ్చి వెతికితే మాంక్ పారకీట్లట, దక్షిణ అమెరికా పక్షులట. అమ్మ ఒప్పుకోవడం లేదు. పులిహోర డబ్బాకి కాపలా కూడా ఆవిడే ఉంది, గ్రాకిల్స్‌కి ఒక్క పల్లీ దక్కలేదు. బుధవారం సాయంత్రం గబ్బిలాలకి వెళ్తున్నాం. వంతెన దగ్గర అమ్మ కూర్చోవడానికి మడత కుర్చీ పట్టుకెళ్తే సరిపోతుందా?

జవాబు (దక్షిణ ఆస్టిన్):

వంతెన కాలిబాట మీద ఆ జనంలో కుర్చీకి చోటుండదు చెల్లీ. వంతెనకి ఆగ్నేయం వైపు గట్టున గడ్డి వాలు ఉంది, కుర్చీ అక్కడ వేయండి. టోపీ మర్చిపోకండి.