జేమ్స్‌టౌన్‌లో ఒక్క రోజే ఉంటే: అసలు దీవికా, పక్కనున్న నమూనా కోటకా?

ఆష్‌బర్న్_అమ్మ:
లాంగ్ వీకెండ్‌కి విలియమ్స్‌బర్గ్ వైపు వెళ్తున్నామండీ. పెద్దమ్మాయికి నాలుగో తరగతిలో వర్జీనియా చరిత్ర ఉంది, ఇండియా నుంచి వచ్చిన మామగారు కూడా తోడున్నారు. జేమ్స్‌టౌన్ పేరుతో అక్కడ రెండు చోట్లున్నాయి. ఒకటి 1607లో ఇంగ్లిషువాళ్ళు దిగిన అసలు దీవి. రెండోది దాని దగ్గర్లోనే రాష్ట్రం తరఫున నడిచే మ్యూజియం, అందులో కోట, ఓడల నమూనాలు. మాకు ఒక్క రోజే వీలవుతుంది. దీవిలో చూడ్డానికేమీ లేదని మావారు అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రిచ్మండ్_రవి:
మీవారు చెప్పింది నిజమే. దీవిలో పదిహేడో శతాబ్దం నాటి కట్టడం అంటూ నేల మీద నిలిచింది చర్చి ఇటుక గోపురం ఒక్కటే. మిగతావి పునాదులు, పాతిన దుంగలు, బోర్డులు. చిన్నపిల్లలు అరగంటలో "ఇంటికి పోదాం" అంటారు. నమూనా దగ్గర మూడు ఓడలున్నాయి: సుజాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ. ఎక్కి లోపల తిరగొచ్చు. ఇంత చిన్న ఓడల్లో నాలుగు నెలలకు పైగా సముద్రం మీద ఎలా వచ్చారో పిల్లలకి ఇట్టే తెలుస్తుంది. పైగా దీవికి టికెట్ రెండు భాగాలు. మీ దగ్గర నేషనల్ పార్క్స్ పాస్ ఉన్నా సగమే చెల్లుతుంది, మిగతా సగం కట్టాల్సిందే.

తవ్వకాల_వాణి:
రవిగారూ, "ఏమీ లేదు" అన్నమాట నేను ఒప్పుకోను. ఇంగ్లిషువాళ్ళు దీవిలో కట్టుకున్న అసలు కోటని పక్కనున్న జేమ్స్ నది ఎప్పుడో మింగేసిందని చాలాకాలం అందరూ నమ్మారు. 1994లో పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో తవ్వడం మొదలుపెట్టాక తెలిసింది, చాలా భాగం అక్కడే ఉందని. దుంగలు కుళ్ళిపోయినా అవి పాతిన చోట మట్టి నల్లబడి ఉంటుంది. ఆ నల్లటి మచ్చల వరుస పట్టుకుని వెళ్తే మూడు మూలల కోట బయటపడింది. మీరు చెప్పే నమూనా కోట మొదట కట్టింది 1957లో, 350 ఏళ్ళ ఉత్సవానికి. అంటే అసలు కోట ఎక్కడుందో తేలకముందే. తర్వాత మార్పులు చేశారు, కాదనను. కానీ పిల్లలకి చరిత్ర ఎలా తెలుస్తుందో చూపించాలంటే మట్టిలోంచి అది బయటపడిన చోటికే తీసుకెళ్ళాలి.

దీవిలో ఆర్కియేరియం అనే మ్యూజియం ఉంది. తవ్వకాల్లో దొరికిన వస్తువులు అందులో చూడొచ్చు. 1609-10 చలికాలంలో కోటలో సుమారు మూడు వందల మంది ఉంటే, వసంతానికి మిగిలింది అరవై మందే. గుర్రాల్ని, కుక్కల్ని తిన్నారు. 2012లో పద్నాలుగేళ్ళ అమ్మాయి పుర్రె ముక్కలు దొరికాయి. కత్తి గాట్లు చూసి, చనిపోయాక ఆమె మాంసం కోశారని స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. పేరు తెలియదు కాబట్టి జేన్ అని పెట్టుకున్నారు. వీరగాథలో ఇది ఇమడదు. పెద్దమ్మాయికి ముందుగా చెప్పి చూపించండి, చిన్నవాళ్ళుంటే ఆ గది వద్దు.

ప్రశ్న_అడుగుతా:
నా సందేహం వేరు. అసలు ఎందుకెళ్ళాలి? అది పాస్పహేగ్ తెగవాళ్ళ నేల. 1610లో ఇంగ్లిషు దళ నాయకుడు జార్జ్ పెర్సీ మనుషులు వాళ్ళ ఊరు తగలబెట్టారు, తెగ నాయకుడి భార్యని, పిల్లల్ని చంపారు. ఈ సంగతి పెర్సీయే స్వయంగా రాసుకున్నాడు. ఇంగ్లిషువాళ్ళ పెత్తనం కింద నలిగిన దేశం నుంచి వచ్చి, వాళ్ళ తొలి వలస దగ్గర టికెట్ కొని ఫొటోలు దిగడం నాకు మింగుడు పడదు.

తవ్వకాల_వాణి:
మీ కోపం న్యాయమైనదే. అందుకే వెళ్ళమంటున్నాను. వెళ్ళడం అంటే దండం పెట్టడం కాదు కదా. 1619 జూలై 30న అమెరికాలో ఇంగ్లిషువాళ్ళ తొలి చట్టసభ కూర్చున్నది అక్కడి చర్చిలోనే. కొన్ని వారాలకే ఆగస్టులో, ఇప్పటి హాంప్టన్ దగ్గర, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన ఇరవై మందికి పైగా మనుషుల్ని దింపారు. దాదాపు అదే కాలంలో వచ్చిన ఏంజెలా అనే ఆఫ్రికన్ స్త్రీ పేరు 1625 జనగణనలో జేమ్స్‌టౌన్‌లో పియర్స్ కుటుంబం ఇంట్లో కనిపిస్తుంది. ఆ ఇల్లు ఉన్న స్థలంలోనూ తవ్వారు. ప్రజాస్వామ్యం, బానిసత్వం రెండూ కొన్ని వారాల తేడాతో మొదలైన తీరం అది. వెళ్ళకుండా ఉంటే ఎవరికి శిక్ష?

బందరు_బిడ్డ:
ఆలస్యంగా వచ్చాను. ఈ చర్చలో మన ఊరు కూడా ఉంది. జేమ్స్‌టౌన్ మొదలైన నాలుగేళ్ళకే, 1611లో, ఈస్టిండియా కంపెనీ గ్లోబ్ ఓడ మన మచిలీపట్నం రేవుకి వచ్చింది. అక్కడ కోటలేమీ కట్టలేదు, గోల్కొండ సుల్తాను అధికారుల అనుమతితో గిడ్డంగి పెట్టుకుని బట్టలు కొన్నారు. ఇక్కడ పొగాకు కోసం నేలే కావాలన్నారు, అక్కడ నేతగాళ్ళ సరుకు కావాలన్నారు. ఆ తేడా మామగారికి చెబితే తప్పకుండా వింటారు.

ఇంకోటి. 1635లో జార్జ్ మెనెఫీ అనే వర్తకుడు భూమి కోసం ఇచ్చిన జాబితాలో "టోనీ, ఈస్టిండియన్" అని ఒక పేరుంది. మనిషిని తెస్తే తలకి 50 ఎకరాలిచ్చే పద్ధతి అప్పుడుండేది. ఆ జాబితాలో ఊరు పేరు లేదు కాబట్టి దయచేసి తెలుగువాడే అని ప్రచారం చేయకండి. మన దేశం వైపు నుంచి వచ్చిన ఒక మనిషి ఎకరాల లెక్కలో చేరాడన్నది చాలు, నాకు గుండె బరువెక్కడానికి.

రిచ్మండ్_రవి:
ఇవన్నీ పెద్దవాళ్ళకి అర్థమయ్యే మాటలు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఓడ ఎక్కితేనే గుర్తుంటుంది. ఆ ప్రాంతపు ఆదివాసులు పౌహటన్ జనం ఇళ్ళ నమూనాలు కూడా అక్కడే ఉన్నాయి, దీవిలో లేవు. నా ఓటు మారదు.

ఆష్‌బర్న్_అమ్మ:
మామగారికి మోకాళ్ళ నొప్పులు. దీవిలో నడక ఎక్కువా?

తవ్వకాల_వాణి:
విజిటర్ సెంటర్ నుంచి చిత్తడి నేల మీదుగా చెక్క వంతెన దాటాలి, అవతల కోటంతా చదును నేలే. మధ్యమధ్యలో కూర్చోబెట్టండి. దోమల మందు, టోపీలు, నీళ్ళు మర్చిపోవద్దు. కాళ్ళు మరీ నొప్పెడితే దీవి చుట్టూ కారులో తిరిగే రోడ్డుంది. ఆ చిత్తడిని, ఉప్పగా మారే నదిని చూస్తే, 1606 నుంచి 1612 దాకా నడిచిన కరువులో (చెట్ల వలయాల లెక్క ప్రకారం 770 ఏళ్ళలో అంత ఎండిన ఏడేళ్ళు ఇంకోటి లేవు) తాగునీళ్ళకి ఏం పాట్లు పడ్డారో మామగారికి వేరే చెప్పక్కర్లేదు.

వాయిదా మాత్రం వేయకండి. నీటిమట్టం పెరిగి కోట చుట్టూ వరద నిలుస్తోంది. ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలో 2022లో పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ దీన్ని చేర్చింది. నమూనాని ఇంకో చోట కట్టుకోవచ్చు, ఇది పోతే మళ్ళీ రాదు. పొద్దున్నే దీవికి వెళ్ళి ఆర్కియేరియం చూసేయండి. మధ్యాహ్నం ఓపికుంటే రవిగారి ఓడలు.