రిఫాంపిసిన్ ఇచ్చినా పి-గ్లైకోప్రోటీన్ పెరగడం లేదు: పొరపాటు ఎక్కడ?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మందులను కణంలోంచి బయటకు తోసివేసే పి-గ్లైకోప్రోటీన్‌పై పనిచేస్తున్న పరిశోధక విద్యార్థిని. క్షయ మందైన రిఫాంపిసిన్ దీని ఉత్పత్తిని పెంచుతుందని చదివి, ప్రయోగశాలలో పెంచే పేగు కణాలైన కాకో-2 కణాలకు 10 మైక్రోమోలార్ గాఢతలో 48 గంటలపాటు ఇచ్చాను. ప్రోటీన్ పరిమాణాన్ని పట్టీ రూపంలో చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో పట్టీ మందం ఏమాత్రం మారలేదు. పైగా ఆ మందు ఉన్న ద్రావణంలోనే రోడమిన్ 123 పరీక్ష (ఈ ప్రోటీన్ బయటకు తోసే ఒక రంగుతో చేసేది) చేస్తే, రంగు బయటకు పోవడం తగ్గినట్లు కనిపించింది. పెరగవలసినది తగ్గడం ఏమిటో బోధపడడం లేదు. మందే పాడైందా, లేక నా పద్ధతిలో పొరపాటు ఉందా, దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం

మందు కంటే ముందు కణాలను అనుమానించండి. రిఫాంపిసిన్ పి-గ్లైకోప్రోటీన్ తయారీకి ఆధారమైన ఏబీసీబీ1 జన్యువును నేరుగా తాకదు. అది ముందుగా పీఎక్స్‌ఆర్ అనే గ్రాహకానికి అతుక్కోవాలి. ఆ గ్రాహకం ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరొక గ్రాహకంతో జతకట్టి, డీఎన్‌ఏపై తనకు తగిన చోట కుదురుకున్న తరువాతే ఆ జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ ఊపందుకుంటుంది. కాకో-2 కణాలలో పీఎక్స్‌ఆర్ చాలా తక్కువగా ఉంటుంది. కబురు అందుకునేవారే లేని ఇంటికి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాదు కదా! ఇదే ప్రయోగాన్ని పీఎక్స్‌ఆర్ ఉండే ఎల్ఎస్180 అనే పేగు కణాలతో చేసి చూడండి. తరువాత ఎలుకలతో చేసే ఉద్దేశం ఉంటే మరొక హెచ్చరిక: ఎలుక పీఎక్స్‌ఆర్ రిఫాంపిసిన్‌కు సరిగా స్పందించదు, దానికి పీసీఎన్ అనే స్టెరాయిడ్ వాడతారు.

ఇక రంగు సంగతి. రిఫాంపిసిన్ స్వయంగా పి-గ్లైకోప్రోటీన్‌కు అడ్డుపడుతుంది కూడా. అంటే మీరు కొలిచినది పంపుల సంఖ్య కాదు, ఆ క్షణంలో వాటికి పడిన అడ్డు. మందును పూర్తిగా కడిగివేసి, తాజా ద్రావణంలో పరీక్షిస్తే తప్ప ఈ రెండింటినీ విడదీయలేరు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ కడగడాన్ని తేలికగా తీసుకుని మూడు వారాల ఫలితాలు పారవేయవలసి వచ్చింది.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చుతాను. కణాలను మొత్తంగా కరిగించి బ్లాట్ చేస్తే, పొర మీద పనిచేస్తున్న ప్రోటీన్, లోపలి సంచులలో దాచి ఉంచిన ప్రోటీన్ ఒకే పట్టీలో కలిసిపోతాయి. శరీరం మాత్రం ఈ తేడాను బాగా వాడుకుంటుంది. మూత్రపిండ కణాలలో ఓఏటీ1 అనే రవాణా ప్రోటీన్‌ను చూడండి: కణంలో సంకేతాలు అందించే ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమ్ చురుకైతే, అది పొర నుంచి త్వరగా లోపలికి లాగబడుతుంది, మొత్తం పరిమాణం అలాగే ఉన్నా రవాణా పడిపోతుంది. ఎలుక మెదడు కేశనాళికలపై జరిగిన ప్రయోగాలు ఇంకా ఆసక్తికరం. అక్కడ ఎండోథెలిన్-1 అనే సంకేత పదార్థం తగలగానే, జన్యువుతో నిమిత్తం లేకుండా, పి-గ్లైకోప్రోటీన్ పని నిమిషాలలో తగ్గింది, ఎండోథెలిన్-1ను తొలగించగానే తిరిగి కోలుకుంది. కనుక కణ ఉపరితలానికి బయోటిన్ అనే గుర్తు పదార్థాన్ని తగిలించి, పైనున్న ప్రోటీన్‌ను మాత్రమే వేరుచేసి చూడడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కణాలు మార్చి చూస్తాను. అయితే మనుషులలో ఈ పెరుగుదల నిజంగా మందు మోతాదును ప్రభావితం చేసేంత ఉంటుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఉంటుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎనిమిది మంది ఆరోగ్యవంతులకు రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు రిఫాంపిసిన్ ఇచ్చి, పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. పి-గ్లైకోప్రోటీన్ సగటున మూడున్నర రెట్లు పెరిగింది. ఈ పంపు బయటకు తోసే గుండె మందైన డిగాక్సిన్‌ను నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తంలో దాని స్థాయి బాగా తగ్గింది. నరం ద్వారా ఇచ్చినప్పుడు తగ్గుదల అంతగా లేదు. డిగాక్సిన్ కాలేయంలో పెద్దగా మార్పు చెందని మందు కాబట్టి, ఈ తేడాకు పేగు గోడలోని పంపునే ముఖ్య కారణంగా చెప్పవచ్చు.

మీ పట్టికలో సమయాన్ని తప్పక రాసుకోండి. పంపులకు పడే అడ్డు, మందు ఉన్నంతసేపే ఉంటుంది, పంపుల సంఖ్య పెరగడానికి రోజులు పడుతుంది. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా పెరిగిన పంపులు వెంటనే మాయం కావు, పాత స్థాయికి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టవచ్చు. అందుకే రిఫాంపిసిన్ వాడకం దృష్ట్యా డిగాక్సిన్ మోతాదు పెంచిన రోగి విషయంలో, రిఫాంపిసిన్ ఆపిన తరువాతి వారాలలోనే వైద్యులు రక్తంలో డిగాక్సిన్ స్థాయిని మరింత జాగ్రత్తగా గమనిస్తారు.