చేదోడు సరే, వాదోడు అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. "చేదోడు వాదోడు" అనే జంట మాట గురించి ఏడాదిగా నా మనసులో ఉన్నది ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా వాదోడును నేనెప్పుడూ విడిగా పట్టించుకోలేదు. పనీ గినీ, పుస్తకం గిస్తకం అన్నట్టు చేదోడు పక్కన ఊరికే సాగదీతగా వచ్చి చేరిందనుకున్నాను. పోయిన ఏడాది మా ఇంటి పెంకు నేయించినప్పుడు మా అమ్మ అన్న ఒక్క మాటతో ఆ అభిప్రాయం పోయింది.

మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. నాన్న కట్టిన మంగళూరు పెంకుటిల్లు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అక్కడ ఉంటోంది. కోతులు కప్పు మీద తిరిగి పెంకులు కదిపేశాయి, కొన్ని పగిలాయి. లోపల పెంకులు ఆనే చెక్క రీపర్లకు చెద పట్టింది. అంతకు ముందు ఏడాది వానలకే నడవాలో రెండు చోట్ల గిన్నెలు పెట్టుకుంది అమ్మ. మృగశిర కార్తె వచ్చేలోగా మొత్తం దించి మళ్ళీ నేయించక తప్పదు. సరిగ్గా అప్పుడే నేను పనిచేసే చోట మూడు నెలలుగా జీతం ఆగిపోయింది. అమ్మాయి కాలేజీ ఫీజు, ఇంటద్దె, ఇది. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

బడిలో నాతో చదువుకున్న ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ఒకడు బస్సు డ్రైవరు. సెలవు రోజులన్నీ మా ఇంటికే ఇచ్చేశాడు. నిచ్చెన పట్టుకున్నాడు, పెంకులు ఒక్కొక్కటీ అందుకుని గోడ వార పేర్చాడు, పనికొచ్చేవీ పగిలినవీ వేరు చేశాడు. పెంకు నడిమధ్య కాలేస్తే పగులుతుంది, రీపరు ఉన్న చోటు చూసుకుని అడుగెయ్యాలి. అది నాకు నేర్పింది వాడే. నాలుగు రోజుల్లో వాడు మాట్లాడింది పట్టుమని పది మాటలుండవు.

రెండోవాడు ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాడు. మోకాలికి ఆపరేషన్ అయింది, నిచ్చెన ఎక్కలేడు, బరువెత్తలేడు. పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మేస్త్రీ మొదట 38,000 అడిగితే నేను నోరు మెదపలేకపోయాను. డబ్బు లేనప్పుడు బేరం ఆడడానికి కూడా గొంతు రాదు. వాడే మాట్లాడాడు. మేస్త్రీని చిన్నబుచ్చకుండా, ఏ పనికి ఎంతో విడగొట్టి, సగం ఇప్పుడూ సగం పంట డబ్బు వచ్చాకా అని ఒప్పించాడు. కలప అడితీలో అరువు ఇప్పించాడు. అమ్మ కంగారు పడుతుంటే దగ్గర కూర్చుని పాత సంగతులు చెప్పించుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి "తిన్నావా, పడుకో" అనేవాడు.

ఆఖరి రోజు నడికొప్పు మీద పెంకులు సిమెంటుతో అతికించడం అయ్యాక అమ్మ అందరికీ టీ ఇస్తూ అంది: "వాడు నీకు చేదోడురా, వీడు వాదోడు. ఇద్దరూ ఉండబట్టి సరిపోయింది."

అమ్మ ఐదో తరగతి దాటలేదు. ఆమె ఆ జంటను విడదీసి, ఒక్కో మాటను ఒక్కో మనిషికి ఇచ్చింది. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తర్వాత నిఘంటువు తీసి చూశాను. చేయి + తోడు = చేదోడు. వాయి + తోడు = వాదోడు. వాయి అంటే నోరు. చేతి సాయం, మాట సాయం. మన పాత తెలుగులో వాయి మామూలు మాటే. చేయి "చే" అయినట్టు వాయి "వా" అవుతుంది. వాకొను అంటే పలకడం. వాతెర అంటే పెదవి, నోటికి తెర. చేయికి చేత, నూయికి నూత ఉన్నట్టే వాయికి వాత ఉంది. "నూత పడ్డాడు" అంటే నూతిలో పడ్డాడని కదా. అలాగే "పులివాత పడ్డాడు" అంటే పులి నోట పడ్డాడని. రోడ్డు ప్రమాదం వార్తల్లో రోజూ కనిపించే "మృత్యువాత పడ్డారు" కూడా ఇదే. వాపోయారు అని రాస్తాం చూడండి, అందులోనూ ఈ నోరే ఉంది.

వాదోడులో వాదం లేదు. వాదించడానికి తోడు అని కొందరు అర్థం చెప్పడం విన్నాను, అది పొరపాటు. వాదం సంస్కృతం నుంచి వచ్చింది, వాయి మన సొంతం.

నాకు అర్థమైంది ఇంతే. మన ముందువాళ్ళు సాయాన్ని రెండుగా చూశారు. చేతిదీ, నోటిదీ. రెంటికీ ఒకే తూకం ఇచ్చి పక్కపక్కన పెట్టారు. మీ ఊళ్ళలో ఈ మాట విడిగా వాడతారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజమహేంద్రవరం నుంచి, తెలుగు మాస్టారు ఒకరు:

బాగా పట్టుకున్నారు బాబూ. తోడు "దోడు" ఎందుకయిందో మీరు చెప్పలేదు, నేను చేరుస్తాను. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. రెండో మాట మొదట ఉన్న క, చ, ట, త, ప అనేవి గ, స, డ, ద, వ అవుతాయి. తోడు దోడైంది అందుకే. ఒక చిన్న తేడా ఉంది. తల్లిదండ్రులు ద్వంద్వం, తల్లీ తండ్రీ ఇద్దరూ. చేదోడు అలా కాదు, చేతితో తోడు అని విడదీయాలి. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపేయకండి.

మరొకటి. వాదోడు ప్రతిధ్వని పదం కాదని మీ పోస్టులోని ఉదాహరణలతోనే తేలుతుంది. పనీ గినీ, పుస్తకం గిస్తకంలో రెండో మాట "గి"తోనో "గీ"తోనో మొదలవుతుంది. ఆ లెక్కన ఇది "చేదోడు గీదోడు" కావాలి. కాలేదు.

అనంతపురం జిల్లా నుంచి:

అన్నా, మాకు పెంకులు లేవు, మట్టి మిద్దెలు. ఏటా వానలకు ముందర మిద్దె పైకి చవుడు మన్ను మోసి పరుస్తాం. చవుడులో ఉండే ఉప్పు గుణానికి తడి తగిలితే బంకమన్ను ఉబ్బి సందులు పూడిపోతాయి, నీళ్ళు కిందికి దిగవు. పరచకపోతే ఇల్లు ఉరుస్తుంది. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. కింద ఒకరు గంపకెత్తాల, నిచ్చెన మీద ఒకరు అందుకోవాల, పైన ఒకరు పరచాల. మేము దానికి ముయ్యి అంటాం. ఈరోజు మీ మిద్దెకు నేనొస్తే, రేపు నా చేనికి మీరొస్తారు. మా అవ్వ ఎవరింటికి ఎన్ని రోజులు పోయిందో, ఎవరు మాకు ఎన్ని రోజులు బాకీ ఉన్నారో నోటిలెక్కగా చెప్పేది. మీరు చెప్పిన చేదోడు, మా ముయ్యి ఒకటేనా?

పోస్టు రాసినవాణ్ణి:

తమ్ముడూ, చవుడు సంగతి చెప్పి మంచి పని చేశావు. నా ఉద్దేశంలో అవి రెండూ ఒకటి కావు. ముయ్యికి లెక్క ఉంది, ఉండాలి కూడా. లెక్క లేకపోతే వ్యవసాయం నడవదు, కష్టపడే ఇల్లు ఎప్పుడూ కష్టపడుతూనే ఉంటుంది. చేదోడుకు లెక్క లేదు. మా డ్రైవరు స్నేహితుడు ఎన్ని సెలవులు పోగొట్టుకున్నాడో నేను అడిగితే కోప్పడ్డాడు. మీ అవ్వగారి లెక్క ఎక్కడైనా రాసి పెట్టావా? లేకపోతే ఆవిడను అడిగి రాసుకో.

ఖమ్మం నుంచి ఒక అక్క:

మీ పోస్టు నచ్చింది. కానీ ఈ మాట మీద నాకొక బాధ ఉంది, అది చెప్పాలి. పేపర్లో, పెళ్ళిపత్రికలో, సన్మాన పత్రంలో ఎక్కడ చూసినా "భర్తకు చేదోడు వాదోడుగా ఉంటూ" అని రాస్తారు. మా అమ్మ నలభై ఏళ్ళు పత్తి చేను చేసింది. విత్తనం పెట్టుడు, కలుపు తీసుడు, పత్తి ఏరుడు అంతా ఆమే. మా బాపు మంచి మనిషే, ఆయన్ని తప్పు పట్టట్లేదు. కానీ ఊళ్ళో ఆయన రైతు, ఆమె చేదోడు. సగం పని చేసిన మనిషిని తోడు అంటే ఆ పని ఆమెది కాకుండా పోతుంది. మీ స్నేహితుల విషయంలో ఈ మాట ఎంత అందంగా ఉందో, మా అమ్మ విషయంలో అంత చిన్నగా ఉంది.

పోస్టు రాసినవాణ్ణి:

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీ మాట నిజం. ఇల్లు నాది, కష్టం నాది, వాళ్ళు తోడు వచ్చారు. అక్కడ ఆ మాట సరిపోయింది. చేను మీ అమ్మగారిదే అయినప్పుడు ఆమెను తోడు అనడం తప్పు. ఆమె రైతు. ఇక నుంచి ఈ మాట ఎక్కడైనా రాసేముందు "పని ఎవరిది?" అని చూసుకుంటాను. ఇద్దరిదీ అయితే "ఒకరికొకరు చేదోడు వాదోడుగా" అనొచ్చు. మాటలో ఆ వీలు ఉంది, మనమే ఒకవైపుకు వాడుతున్నాం.

విజయనగరం నుంచి:

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10,000 రూపాయలిచ్చే పథకానికి చేదోడు అని పేరు పెట్టారు. చేయూత అనే మాట రెండు రాష్ట్రాల్లోనూ పథకాల పేర్లలో వచ్చింది. వాదోడు మాత్రం ఎక్కడా వినలేదు. కాగితం రాయడం రాని ముసలివాళ్ళ తరఫున ఆఫీసులో మాట్లాడే మనిషిని పెట్టి దానికి ఆ పేరు పెడితే బాగుంటుంది. పింఛను ఆగిపోయినప్పుడు మా నాయనమ్మకు కావలసింది అదే.

బెంగళూరు నుంచి:

కన్నడంలో నోటిని ఇప్పటికీ బాయి అంటారు, తమిళంలో వాయ్. మా పక్కింటి కన్నడ ఆమె పిల్లాడితో "బాయి తెగి" అంటే నోరు తెరువు అని. ఇక్కడి బాగిలు, తమిళం వాయిల్, మన వాకిలి ఒక కుటుంబమే. ఇంటికి నోరు వాకిలి.

టెక్సాస్ నుంచి:

గుంటూరులో అమ్మావాళ్ళ ఇంట్లో బోరు మోటారు కాలిపోతే మా స్నేహితుడు రాత్రిపూట మెకానిక్‌ను బండి మీద తీసుకెళ్ళి బాగు చేయించాడు. నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అదే స్నేహితుడు ఉద్యోగం పోయి ఇబ్బందిలో ఉన్నప్పుడు మూడు నెలలు రోజూ గంటసేపు మాట్లాడాను. నాకెప్పుడూ వాడి సాయం పెద్దదనీ నాది ఉత్త మాటలనీ అనిపించేది. మీ అమ్మగారి మాట చదివాక కాస్త ఊపిరి తీసుకున్నాను. కానీ ఒక అనుమానం. ఫోన్‌లో ఓదార్చడం వాదోడు అవుతుందా, లేక వేరేవాళ్ళతో మన తరఫున మాట్లాడితేనే వాదోడా?

పోస్టు రాసినవాణ్ణి:

రెండూ అవుతాయండీ. నిఘంటువు మాట సాయం అంటోంది, ఎవరితో అనే షరతు పెట్టలేదు. అయినా మీ ప్రశ్న అమ్మనే అడుగుదామని ఫోన్ చేశాను. "మేస్త్రీతో మాట్లాడినందుకా, నీకు రాత్రి ఫోన్ చేసినందుకా, దేనికి వాణ్ణి వాదోడు అన్నావు?" అని అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి, "నాతో కూర్చున్నందుకు" అంది. ఈ మూడోది నా లెక్కలోనే లేదు.

ఖమ్మం అక్క:

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంతకీ ఈ ఏడాది పెంకులు ఎట్లున్నయి? మళ్ళీ కురుస్తలేదు కదా?

పోస్టు రాసినవాణ్ణి:

చెప్తానక్కా. పడమటి వైపు మూడు పెంకులు కోతులు మళ్ళీ కదిపాయి. ఆదివారం డ్రైవరు స్నేహితుడికి సెలవు, ఇద్దరం ఎక్కి సర్దుతాం. రెండోవాడికి చెప్పలేదు కానీ, పొద్దున అమ్మ ఫోన్ చేసి వాడు ఆదివారం టిఫిన్‌కు వస్తానన్నాడని చెప్పింది.