ఇనుమారా, ఇరుమారా?

ఆమ్లంతో తేల్చిన ఉల్క ముక్క ఫోటో చూసినప్పటి నుంచి వేమన పద్యం వదలడం లేదు. "ఇనుము విరిగెనేని..." తర్వాత నా నోటికొచ్చేది "ఇనుమారు ముమ్మారు". పిల్లల పుస్తకంలో "ఇరుమారు" అని ఉంది. ఏది సరి? ఆ ముక్క మీద అడ్డదిడ్డంగా తేలిన గీతలకు, అంటే విడ్మన్‌స్టాటెన్ చారలకు, తెలుగు మాట కూడా చెప్పండి.

— ఇనుమారే. ఇనుమడి, ఇనుమడించు లేవూ? ఇనుము పక్కన అది పడితేనే పాదానికి సొగసు.

— సొగసు సాక్ష్యం కాదండీ. ఇరుమారు పెట్టినా గణం సలమే, యతి ఇకారానికే. ఛందస్సు ఎటూ తేల్చదు. ముందున్న "ఇనుము" నాలుక మీద ఉండి, పాడేవాళ్ళే "రు"ను "ను" చేసి ఉంటారు.

— తిరగేసి చూడండి. ఇరు అందరికీ తెలుసు, ఇను ఇప్పుడు ఇనుమడిలో తప్ప పెద్దగా వినపడదు. తెలియని మాటను తెలిసినదానిగా దిద్దుతారు గానీ, తెలిసినదాన్ని ఎందుకు మారుస్తారు?

— చారల సంగతి: "చెక్కడం" అని మాత్రం అనకండి. ఆమ్లం గీతలు గీయదు. ఉల్కలో రెండు రకాల ఇనుము-నికెల్ మిశ్రమాలుంటాయి. నికెల్ తక్కువున్న కామసైట్‌ను ముందు తింటుంది, నికెల్ ఎక్కువున్న టేనైట్ సన్నటి గట్టులా నిలుస్తుంది. లోపలున్నదే బయటపడుతుంది. తేలి కనిపించే చార కాబట్టి నా ఓటు "తేలుచార"కు.

— "తడిక" బాగుండదా?

— తడికకు రెండే దిక్కులు. ఈ కామసైట్ పలకలు అష్టఫలకం ముఖాల వెంట నాలుగు దిక్కుల్లో పెరుగుతాయి. పేరు మాటకొస్తే, విడ్మన్‌స్టాటెన్ 1808లో వియన్నాలో ఉల్కను వేడిచేసి ఈ చారలు చూశాడు. నైట్రిక్ ఆమ్లంతో థామ్సన్ 1804లోనే నేపుల్స్‌లో చూశాడు.

— కత్తుల మీది వూట్జ్ (మన దక్షిణాది ఉక్కు) చారలను ఇందులో కలపకండి, అవి కార్బైడ్ వరసలు. 1795లో పియర్సన్ రాయల్ సొసైటీకి రాసిన వ్యాసంలో "వూట్జ్" అనే మాట ఉంది. అది మన "ఉక్కు" నుంచే వచ్చిందంటారు. ఉక్కును పాత రాతల్లో "వుక్కు" అని కూడా రాసేవారు కాబట్టి "వూ" సరిపోయింది. "ట్జ్" ఎక్కడిది?

— అది వేరే చర్చ. నన్ను పట్టుకున్నది "కాచి యతుకవచ్చు". ఉల్క ఇనుమును అతుక్కునేంతగా కాచి కొడితే ముక్కలు కలుస్తాయి, చారలు పోతాయి. అవి మళ్ళీ రావాలంటే లక్షల ఏళ్ళ పాటు నెమ్మదిగా చల్లారాలి. వేమన ఇనుముకు ఇచ్చిన మినహాయింపు ఈ ఇనుముకు లేదు. దీనిది మనసు పాదమే: "మరి చేర్చరాదయా".

— "మరి యంటనేర్చునా" కదండీ?